ఎర్ర చుక్క పంపుల కంపెనీ

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను తిన్న అన్నంలో చాలా మెతుకులు ఆ సోమలింగం పెట్టినవే. లేని ఆసుపత్రులకు బోర్డులు, లేని బ్యాంకులకు చెక్కుబుక్కులు, లేని పార్టీలకు జెండాలు తయారుచేయడం నా పని. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అని చెప్పి ఊరుకునేదాన్ని. విడమర్చి చెప్పే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక్క కంపెనీ సంగతి మాత్రం చెప్పాలనిపిస్తోంది.

తొంభైల్లో ప్రైవేటు చానళ్లు వచ్చిన కొత్తలో ఒక వారం వారం సీరియల్‌కి కళా దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరాను. అదొక వ్యాపార కుటుంబం కథ. తాత పంపుసెట్ల కంపెనీ పెడతాడు, కొడుకులు దానికోసం కొట్టుకుంటారు, కోడళ్లు ఏడుస్తారు. కంపెనీ పేరు వరుణమాల పంప్స్. స్క్రిప్టులో దాని గురించి ఉన్నదల్లా 'పెద్ద కంపెనీ' అన్న మాట ఒక్కటే. ఆ పెద్దరికమంతా తెచ్చిపెట్టవలసింది నేను. గేటు మీద బోర్డు, లెటర్‌హెడ్లు, కవర్లు, క్యాలెండర్లు, అట్టపెట్టెలు, లారీ పక్కల మీద రాత, వాచ్‌మన్ భుజం మీద పట్టీ, ఆఖరికి యజమాని బల్ల మీద పేపర్‌వెయిట్ దాకా. వీటన్నిటి మీదా పడాల్సిన గుర్తు ఒకటి ముందు కావాలి.

పొలాలకు నీళ్లు పెట్టే కంపెనీ కదా అని ఏతాన్ని ఎంచుకున్నాను. చిన్నప్పుడు మా వైపు పొలాల్లో చూసినదే. నిలువుగా ఒక గుంజ, దానిమీద వాలుగా పొడుగాటి దూలం, కొసకు బాన. ఎన్నో కాగితాలు పాడుచేసి, ఒక్కొక్కటే తీసేస్తూ చివరికి రెండు గీతలు మిగిల్చాను. వాలుగీత కింది కొసన ఒక నీటి చుక్క. నీలం మీద తెలుపు, అంతే. కళా దర్శకుడు కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. "బాగుందమ్మాయ్. నిజం కంపెనీవాళ్లు చూస్తే ఎత్తుకుపోతారు" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు ఊడిపడటం అరుదు. ఆ ముక్క మీద చాలా రోజులు బతికాను.

అయితే మెచ్చుకోలుతో నాకు ఒరిగేదేమీ లేదు. నాకు కావలసింది టైటిల్స్‌లో నా పేరు. సినిమా పనివాళ్లు చేరే కృష్ణానగర్ చౌరస్తాలో ఎవరిని పలకరించినా ముందు అడిగేది కార్డుందా అనే. యూనియన్ కార్డు ఉంటే మనిషి, లేకపోతే సెట్టు మీద పడి ఉన్న సామాను. కార్డు కోసం నేను వెళ్లినప్పుడల్లా యూనియన్‌వాళ్లు ఒకటే మాట చెప్పారు. టైటిల్స్‌లో అసిస్టెంటుగా పేరు పడాలి, అది చూపిస్తే మిగతాది మాట్లాడదాం అని. ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ రంగులూ నిచ్చెనలూ అని కూడా అన్నారు. ఈ సీరియల్‌లో నా పేరు వేయిస్తానని కళా దర్శకుడు మాటిచ్చారు. నేను అందులో చేరిందే ఆ మాట మీద.

ముహూర్తం జూబ్లీహిల్స్‌లో. బండరాయిని చెక్కి కట్టిన ఒక పెద్ద బంగళాని కంపెనీ ఆఫీసుగా వాడుకోవడానికి తీసుకున్నారు. మామూలుగా ముహూర్తం షాటు దేవుడి పటం మీద తీస్తారు. ఈ నిర్మాతకు కొత్త ఆలోచన వచ్చింది. మన సీరియల్‌కి దేవుడు ఆ కంపెనీయే కదా, దాని బోర్డు మీదే కొబ్బరికాయ కొడదాం అన్నారు. బోర్డు గేటుకి ఎక్కించాం. ఎనామిల్ రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. పంతులుగారు నిచ్చెన ఎక్కి మంత్రాలు చదువుతూ నాలుగు మూలలా పసుపు రాశారు, తర్వాత బొటనవేలు కుంకుమలో ముంచి సరిగ్గా నా నీటి చుక్క మీద అద్దారు. ఆయన్ని అనుకోవడానికి లేదు. గుండ్రంగా చుక్క కనబడితే ఏ పంతులుగారి వేలైనా అక్కడికే పోతుంది. క్లాప్ కొట్టారు, కెమెరా తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

షాటు అయిపోగానే నేను తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కాను. సగంలో ఉండగా కిందనుంచి నిర్మాత ఒక్క అరుపు అరిచారు.

"ఆగమ్మా! బొట్టు చెరిపేస్తావా? శుభమా అని మొదలుపెడుతుంటే బొట్టు చెరుపుతారటండీ ఎవరైనా!"

అందరూ నా వంక చూశారు. అది బొట్టు కాదు, నీటిచుక్క మీద పడిన మరక అని చెప్పడానికి నోరు తెరిచాను. చుట్టూ ఆ మొహాలు చూశాక మూసుకున్నాను. బొట్టు చెరపబోయిన మనిషిగా నిచ్చెన దిగాను.

ముహూర్తం షాటు సాధారణంగా ఎక్కడో డబ్బాలో పడి ఉంటుంది. ఈయన దాన్నే మొదటి ఎపిసోడ్‌లో మొదటి షాటుగా పెట్టించారు, టైటిల్స్ వెనక కూడా అదే బోర్డు వేయించారు. ఇక చేసేదేముంది? మొదటి షాటులో చుక్క ఎర్రగా ఉంటే చివరిదాకా ఎర్రగానే ఉండాలి. అప్పటికే అచ్చయిన లెటర్‌హెడ్ల మీద, కవర్ల మీద, పెట్టెల మీద కూర్చుని ఒక్కొక్క చుక్కకీ ఎర్రరంగు అద్దాను. తాతగారి కుర్రతనం చూపించే ఎపిసోడ్లకి పాతకాలం బోర్డు చేయమన్నారు. తుప్పు, పగుళ్లు, వెలిసిపోయిన నీలం, అన్నీ తెచ్చాను. దానిమీదా ఎర్రచుక్క పెట్టాల్సిందే. నీటి చుక్క ఎర్రగా ఉండే పంపుల కంపెనీ లోకంలో ఎక్కడా ఉండదు. రక్తనిధి కేంద్రం బోర్డులా ఉందని మేకప్ అతను నవ్వాడు. కొన్నాళ్లకు నాకే అలవాటైపోయింది.

నేను యూసుఫ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఇంటి ఓనరమ్మ వితంతువు, పెద్దావిడ. ఆ కాలనీలూ బంగళాలూ రాకముందు నుంచీ అక్కడ ఉన్న కుటుంబం. కోడలు స్కూల్లో టీచరు, కొడుక్కి మధురానగర్‌లో కొట్టు. ఆవిడ మాత్రం బడి మొహం చూడలేదు. పొద్దున్నే కాగితపు చుట్టలు చంకలో పెట్టుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కడానికి బయల్దేరుతుంటే గుమ్మంలోనుంచి పలకరించేది.

"గీ బొమ్మల పనికి నీ పేరు టీవీల వస్తదంటివి. ఎప్పుడొస్తది బిడ్డా?"

"మంగళవారం మొదలవుతుందమ్మా. మొదట్లోనే పడుతుంది."

మొదటి మంగళవారం సాయంత్రం ఆవిడ నా కోసం టీవీ ముందు చాప వేసింది. టైటిల్స్ మొదలయ్యాయి. నేను ఒక్కొక్కటీ చదువుకుంటున్నాను. నిర్మాత, ఆయన భార్య, కళా దర్శకుడు, మేకప్, దుస్తులు, ముహూర్తం పెట్టిన పంతులుగారు. అవును, పంతులుగారి పేరు పడింది. నా పేరు లేదు. రెండోసారి చదువుకోవడానికి అదేం గోడమీద రాత కాదు, వెళ్లిపోయింది. నా పక్కన ఓనరమ్మ మాత్రం చప్పట్లు చరిచింది.

"యాతం గదా గది! మా నాయిన బాయి కాడ గిట్లనే ఉంటుండె. నువ్వు మొన్న కాగితం మీద గీసింది గిదే గదా? వచ్చినవ్ బిడ్డా, వచ్చినవ్!"

"అది గుర్తమ్మా. పేరు పడలేదు" అన్నాను.

"పేరైతేంది, గుర్తైతేంది? ఓటేసేటప్పుడు నేను పేరు సదువుతనా? గుర్తు జూసే గుద్దుత. గుర్తుంటే మనిషి ఉన్నట్టే."

ఆ రెండు గీతల్లో ఏతాన్ని పోల్చుకున్న మొదటి మనిషి ఆవిడే. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అప్పటినుంచి ప్రతి మంగళవారం ఆవిడకి అదొక పండగ. బోర్డు కనబడగానే "అగో, నువ్వొచ్చినవ్" అనేది. పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించేది. ఆవిడ సంతోషాన్ని చెడగొట్టే హక్కు నాకు లేదనిపించి ఊరుకునేదాన్ని. కానీ యూనియన్ ఆఫీసులో గుర్తు చూసి ఓటేసేవాళ్లెవరూ లేరు.

కళా దర్శకుడిని అడిగాను. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. ఆయన వక్కపొడి నోట్లో వేసుకుని, "రాసిచ్చానమ్మాయ్, ఒట్టు. టైటిల్స్ చేసేవాడు వదిలేశాడు. ఇప్పుడు కలపమంటే నిర్మాతగారు కదపొద్దంటున్నారు. నా పేరు ఉందో లేదో నేనే మా ఆవిణ్ణి చూసి చెప్పమన్నాను" అన్నారు. ఆయన కళ్ల కింద కూడా నల్లటి వలయాలే.

నిర్మాతనే నేరుగా అడగడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి చాలా వారాలు గడిచాయి. సీరియల్ అప్పటికి బాగా పట్టేసింది. ఆయన బంగళా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. మర్యాదగానే కుర్చీ చూపించారు.

"నీ పని నాకు తెలీదనుకుంటున్నావా అమ్మా? ఆ బోర్డు వల్లే కదూ మనకింత పేరు. కానీ చూడు, ఈ టైటిల్స్‌తోనే సీరియల్ ఇంత బ్రహ్మాండంగా ఆడుతోంది. ఇప్పుడు ఒక్క పేరు కలిపినా, ఒక్కటి తీసినా నాకు భయం. నడుస్తున్న బండిని ఆపి ఇరుసు మారుస్తామా? నువ్వే చెప్పు. కాస్త డల్ అవనీ, అప్పుడు మారుద్దాం. మొట్టమొదట నీ పేరే."

ఆయన దొంగమాటలు చెప్పడం లేదు. నిజంగానే భయపడుతున్నారు. వరండా మెట్లు దిగుతూ ఆలోచిస్తే సంగతి బోధపడింది. నా పేరు రావాలంటే వాళ్ల సీరియల్ పాడవ్వాలి. అది బాగుండాలంటే నేను బాగా పనిచేయాలి. నేను ఎంత బాగా చేస్తే నా పేరు అంత దూరం పోతుంది. ఇంత చక్కని ఏర్పాటు పగవాళ్లు కూడా చెయ్యలేరు.

పని మాత్రం బాగానే చేశాను. వేరేగా చేయడం నాకు చేతకాదు. కిరాయి లారీకి రంగు వేయొద్దని దాని ఓనరు గొడవ చేస్తే, కడిగితే పోయే రంగుతో రెండు పక్కలా ఏతం వేసి, షూటింగ్ అయ్యాక నేనే బకెట్లతో కడిగి అప్పగించేదాన్ని. నిజం పంపులు తెచ్చి, వాటి మీదున్న అసలు కంపెనీ పేరు టేపుతో మూసి, పైన మాది అంటించేదాన్ని. ఎండాకాలంలో ఆ బండల మీద నడుస్తుంటే చెప్పుల అడుగు మెత్తబడేది. యూసుఫ్‌గూడ వచ్చేసరికి కాళ్లు నావి కానట్టుండేవి. స్నానం చేసినా గోళ్లలో ఎర్రరంగు పోయేది కాదు.

ఒకరోజు యూనియన్‌వాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. కార్డు లేనివాళ్లు కనబడితే షూటింగ్ ఆపేస్తారు. నన్ను కాస్ట్యూమ్స్ గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేశారు. జరీ చీరల మధ్య, నాఫ్తలీన్ ఉండల వాసనలో, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. తలుపవతలే వాళ్ల మాటలు వినబడుతున్నాయి. ఒకతను గోడమీద క్యాలెండర్ చూసి, "గీ కంపెనీ గుర్తు జబర్దస్తుగుందన్నా. ఎవరు గీసిండ్రు?" అని అడిగాడు. "మావాళ్లేనండీ" అన్నారు కళా దర్శకుడు. అంతకంటే ఏం చెప్పగలరు? ఆ 'మావాళ్లు' నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ము ఆపుకుంటోంది. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకోటి లేదు. చేయని తప్పుకి దాక్కోవడం కంటే, చేసిన మంచి పనికి దాక్కోవడం కష్టం.

ఏడాది దాటాక నిర్మాత అన్న ఆ డల్ వచ్చింది. వేరే చానల్లో అదే సమయానికి ఇంకో సీరియల్ మొదలైంది. మా కోడళ్ల ఏడుపు కంటే వాళ్ల కోడళ్ల ఏడుపు బాగుందని జనం అటు పోయారు. నిర్మాత సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన టైటిల్స్ వేయించుకుని చూసి, బోర్డు దగ్గర ఆపమన్నారట. ఈ గీత కిందికి వాలి ఉంది, కిందికి వాలిన గీత కింద ఏ వ్యాపారమూ నిలవదు అన్నారట. అదే గీత కింద ఇన్నాళ్లూ సీరియల్ ఆడిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు చేయడానికి ఆ గదిలో నేను లేను.

కథలో మనవడు విదేశాల్లో చదివి వచ్చి కంపెనీ గుర్తు మార్చేస్తాడని ఒక సీను రాశారు. కొత్త గుర్తుని అమీర్‌పేటలో ఎవరో కంప్యూటర్ మీద చేసిచ్చారు. బంగారు రంగు సూర్యుడు, అందులోంచి పైకి దూసుకుపోతున్న బాణం. పాత బోర్డు గీకి, అదే రేకు మీద కొత్తది అంటించమన్నారు. గీకే ముందు పంతులుగారు వచ్చి హారతి ఇచ్చారు. బొట్టు చెరపకూడదన్న నిర్మాతే పక్కన నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత నా చేతికి గరుకు కాగితం ఇచ్చారు. నేను వేసిన ఏతాన్ని నేనే అరగదీశాను. ఎర్రచుక్క అన్నిటికంటే మొండిగా నిలిచింది. ఎన్ని పూతలు వేశానో మరి దానిమీద.

ఆ సాయంత్రం కళా దర్శకుడు నా దగ్గరికి వచ్చి భుజం తట్టారు. "అమ్మాయ్, టైటిల్స్ మళ్లీ చేయిస్తున్నారు. తెర మీద పేర్లు పడే కార్డుల లెక్క తొమ్మిదికి కలవాలన్నారు సిద్ధాంతిగారు. ఒకటి తక్కువైంది. ఎవరి పేరు వేద్దామా అని వెతుకుతుంటే నీ పేరు చెప్పాను. కళ, సహాయం అని నీకొక్కదానికే ఒక కార్డు!"

అబద్ధమెందుకు, సంతోషించాను. లెక్క నింపడానికి వేశారా, నా పని చూసి వేశారా అని ఎంచుకునే స్థితిలో లేను. ఆకలిగొన్నవాడు విస్తరి చిరుగు చూస్తాడా? ఇంటికొస్తూ దారిలో మైసూర్‌పాకు కొన్నాను. ఓనరమ్మకి చెప్పాను, ఈసారి నిజంగా నా పేరు వస్తోందమ్మా, రాతలో, ఒక కార్డు మొత్తం నాదే అని.

"ఇన్ని దినాలు వస్తనే ఉన్నవ్ గదా" అంది ఆవిడ. అయినా కోడలికి చెప్పి పక్కిళ్లవాళ్లని పిలిపించింది. మంగళవారం అందరం టీవీ ముందు కూర్చున్నాం. బంగారు సూర్యుడు వచ్చాడు, బాణం పైకి దూసుకుపోయింది. దాని మీద పేర్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. కళా దర్శకుడి పేరు పోయాక నా పేరు వచ్చింది. తెల్లటి అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. నేను లేచి నిలబడి "అదిగోనమ్మా" అని వేలు చూపించాను. కోడలు పైకి చదివి చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్లూ కొట్టారు.

ఆ పేరు మీదే కొన్ని నెలల తర్వాత నాకు యూనియన్ కార్డు వచ్చింది. ఆ కార్డు మీదే ఇన్నేళ్లూ పనిచేశాను. ఆ తర్వాత ఎన్నో టైటిల్స్‌లో నా పేరు పడింది, చూడటానికి లేచి నిలబడింది మాత్రం ఆ ఒక్కసారే.

ఓనరమ్మ చప్పట్లు కొట్టలేదు. మైసూర్‌పాకు ముక్క చేతిలో అలాగే ఉంది. టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. టైటిల్స్ అయిపోయి కథ మొదలైంది, ఒక కోడలు ఏడుస్తోంది. ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉంది. కాసేపటికి నావైపు తిరిగింది. ఆ మొహంలో అంత దిగులు నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇయ్యాల యాతం రాలే. నిన్ను తీసేసిన్రా బిడ్డా?"

కోడలు అందుకుని, "అయ్యో అత్తమ్మా, ఇప్పుడే గదా పేరు పడ్డది, నేను సదివిన గదా" అంది. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. నా జవాబు కోసమే చూస్తోంది. పేరు పడిందని చెబుదామనుకున్నాను. ఆవిడ పక్కన చాప మీద కూలబడ్డాను.

"తీసేశారమ్మా" అన్నాను.